నీటికాకి, గుడ్లగూబ, డైనోసార్: ఒక తొడ ఎముక కథ

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఏ 1234 అనే నంబర్‌తో ఒక ఎముక ముక్క ఉంది. తొడ ఎముక, అదీ పూర్తిగా లేదు, నడుముకి అతుక్కునే పైభాగం మాత్రమే. రొమేనియాలో ట్రాన్సిల్వేనియా ప్రాంతంలో హాట్సెగ్ లోయ అని ఉంటుంది, అక్కడ దొరికింది, వయసు ఇంచుమించు 7 కోట్ల ఏళ్లు. వందేళ్లకి పైగా జనం దీని మీద కొట్టుకుంటూనే ఉన్నారు. ఒకాయన నీటికాకుల చుట్టం అన్నాడు, తర్వాత వచ్చినవాళ్లు దీంతో పాటు పెట్టిన ఎముకల్ని పక్కకి తీసి అవి పెద్ద పెద్ద గుడ్లగూబలవి అన్నారు, ఇంకొకళ్లు వెలోసిరాప్టర్ కుటుంబం అన్నారు, ఇంకొకళ్లు ఒంటిగోరు చేతుల డైనోసార్లు అన్నారు. నాకు ఈ కథంటే చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో ఎవరూ తెలివి తక్కువవాళ్లు కాదు, అందరూ ఎముకని జాగ్రత్తగానే చూశారు, కానీ పక్కన దేన్ని పెట్టి చూశారన్నదాన్ని బట్టి సమాధానం మారిపోయింది.

ముందు ఆ చోటు గురించి కొంచెం. 1895లో అక్కడి జమీందారీ కుటుంబానికి చెందిన ఇలోనా నోప్చా అనే అమ్మాయికి వాళ్ల ఎస్టేట్‌లో ఎముకలు దొరికితే అన్నయ్య ఫ్రాంజ్‌కి చూపించింది. అతనికి అప్పుడు పద్దెనిమిదేళ్లు ఉంటాయి. వియన్నా వెళ్లి జియాలజీ చదివి, ఆ ఎముకల మీద తనే పేపర్లు రాసి, చివరికి ప్రపంచంలో పేరున్న డైనోసార్ నిపుణుల్లో ఒకడయ్యాడు. హాట్సెగ్ అప్పట్లో సముద్రం మధ్యలో ఒక ద్వీపం అనీ, అందుకే అక్కడి డైనోసార్లు మిగతా చోట్ల వాటి చుట్టాల కంటే చిన్న సైజులో ఉన్నాయనీ మొదట చెప్పింది నోప్చానే. అక్కడి మాగ్యారోసారస్ అనే పొడుగు మెడ డైనోసార్ ఆరు మీటర్లు దాటదు, దాని బంధువులు వేరే ఖండాల్లో ఇరవై మీటర్లు దాటేవి. సరే, ఆ లోయలో దొరికిన ఎముకలు కొన్ని బ్రిటిష్ మ్యూజియంకి (ఇప్పటి నేచురల్ హిస్టరీ మ్యూజియం అప్పట్లో దాని భాగమే) చేరాయి, వాటిల్లో మన తొడ ఎముక ఒకటి.

1913లో అక్కడి ఫాసిల్ నిపుణుడు చార్లెస్ విలియం ఆండ్రూస్ దాన్ని పరిశీలించి ఎలోప్టెరిక్స్ నోప్చాయ్ అని పేరు పెట్టి పక్షి అన్నాడు, గూడబాతులూ నీటికాకులూ ఉండే గుంపుకి దగ్గర అన్నాడు. ఇప్పుడు చదివితే అదేంటి అనిపిస్తుంది కానీ 1913లో నిలబడి ఆలోచించండి. చిన్న సైజు మాంసాహార డైనోసార్లు అప్పటికి తెలిసినవి చాలా తక్కువ, జర్మనీ కాంప్సోగ్నాథస్, అమెరికా ఆర్నిథోలెస్టిస్, అలాంటివి ఏవో నాలుగు. వెలోసిరాప్టర్‌కి పేరు పెట్టింది 1924లో. వెలోసిరాప్టర్ చుట్టమైన డీనోనికస్ గురించి అమెరికా శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్ రాసి పక్షులూ డైనోసార్లూ ఎంత దగ్గరో అందరి ముందూ పెట్టింది 1969లో. అంటే ఆండ్రూస్ చేతిలో పక్షి తొడలాగా ఉన్న ఎముక ఉంది, పక్షి తొడ అలా ఎందుకుంటుందో తెలుసు, అలాంటి తొడ ఉన్న డైనోసార్ ఏదీ ఎవరూ చూడలేదు. ఇంకేం అంటాడు?

ఇంతకీ ఆ ఎముకలో పక్షిలాగా ఉన్నదేంటి అంటే, తొడ ఎముక పైభాగంలో నడుము గుంటలో కూర్చునే గుండ్రటి తల పక్కన కండరాలు పట్టుకోవడానికి గడ్డలు ఉంటాయి. పాత రకం డైనోసార్లలో ఈ గడ్డలు రెండూ విడివిడిగా, మధ్యలో చీలికతో ఉంటాయి. పక్షుల్లో అవి కలిసిపోయి ఒకే గట్టులాగా అవుతాయి. ఎలోప్టెరిక్స్‌లోనూ అంతే, కలిసిపోయి ఉన్నాయి. ఇంకొంచెం కింద వెనక వైపు ఇంకో గడ్డ ఉంటుంది, దాన్ని నాలుగో ట్రోకాంటర్ అంటారు, తోక నుంచి వచ్చే పెద్ద కండరం అక్కడ పట్టుకుంటుంది. మొసలి, ఉడుము, తొండ ఇవన్నీ కాలు వెనక్కి లాగేది ఆ తోక కండరంతోనే. పక్షికి తోక ఎముకలు కుదించుకుపోయాయి కాబట్టి ఆ కండరం చిన్నదైపోయి గడ్డ కూడా దాదాపు మాయం. అందుకే ఒక్క తొడ ఎముక చూసి ఆ జంతువు తోక కండరంతో కాలు లాగి నడిచిందా, పక్షిలాగా ఎక్కువగా మోకాలి దగ్గర కాలు కదిపి నడిచిందా అన్నది కొంతవరకు చెప్పొచ్చు. ఎముక మీద ప్రతి గరుకు మచ్చకీ ఒక కారణం ఉంటుంది, అది నాకు ఈ సబ్జెక్ట్‌లో అన్నిటికంటే నచ్చే విషయం.

దీన్ని చూడ్డానికి మ్యూజియంకి వెళ్లక్కర్లేదు, వంటింట్లో లెగ్ పీస్ చాలు. నేను నాటుకోడి కూర వండిన రోజు ఎముకలు పారేయనివ్వను, మళ్లీ ఉడికించి పాత టూత్ బ్రష్‌తో రుద్ది ఎండలో పెడతా. లెగ్ పీస్‌లో ఉండేది తొడ ఎముక కాదు, మోకాలి కింద ఎముక, మనం చేత్తో పట్టుకునే చివర అసలు చీలమండ. ఆ చివర చూస్తే రెండు గుండ్రటి ఉబ్బులు, మధ్యలో గాడి. ముందు వైపు ఆ ఉబ్బులకి కాస్త పైన చిన్న ఎముక వంతెన ఉంటుంది, దాని కింద సూది దూరేంత సందు, వేళ్లని పైకి లేపే కండరం తాడు (టెండన్) అందులోంచి పోతుంది. పక్కనే పుల్లలాగా, కింద వరకూ రాకుండా మధ్యలోనే ఆగిపోయే సన్న ఎముక ఒకటి. బ్రాయిలర్ కోడిలో ఇదంతా సరిగ్గా కనపడదు, అది ఆరేడు వారాల పిల్ల కాబట్టి చివర్లు ఇంకా మెత్తగా ఉండి కొరికితే ఊడొచ్చేస్తాయి, చీలమండ ఎముకలు పైన ఎముకతో ఇంకా కలవలేదన్నమాట. ముదురు నాటుకోడిలో కలిసిపోయి ఒకే రాయిలాగా ఉంటాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం.

1975కి వద్దాం. హారిసన్, వాకర్ అనే ఇద్దరు పక్షి ఫాసిల్ నిపుణులు హాట్సెగ్ సరుకంతా మళ్లీ చూశారు. ఎలోప్టెరిక్స్ పేరు కింద ఈలోపు మోకాలి కింద ఎముకల చివరి ముక్కలు కూడా కొన్ని చేరాయి. వాళ్లు వాటిని విడదీసి రెండు కొత్త పేర్లు పెట్టారు, ఒకటి బ్రాడిక్నీమీ డ్రాకులే, ఇంకోటి హెప్టాస్టియోర్నిస్ ఆండ్రూసీ. ట్రాన్సిల్వేనియా కాబట్టి డ్రాకులా పేరు వచ్చింది, రెండోది ఆండ్రూస్ గౌరవార్థం. రెండూ భారీ గుడ్లగూబలు అని తేల్చారు.

గుడ్లగూబ ఎందుకు అనుకోవచ్చో చూస్తే మరీ గాల్లోంచి వచ్చిన మాట కాదు. నేను పైన చెప్పిన ఎముక వంతెన గుడ్లగూబలకి ఉండదు. డైనోసార్లకీ ఉండదు. పక్షుల పెట్టె ఒక్కటే తెరిచి, వంతెన లేకుండా లావుగా ఉన్న చీలమండ ఎవరిది అని వెతికితే చెయ్యి గుడ్లగూబల దగ్గర ఆగొచ్చు. కానీ నా అభిప్రాయంలో ఆండ్రూస్‌కి ఇచ్చినంత వెసులుబాటు వీళ్లకి ఇవ్వలేం. డీనోనికస్ వచ్చి ఆరేళ్లయింది, ఆస్ట్రమ్ తొలినాటి పక్షి ఆర్కియోప్టెరిక్స్ మీద రాస్తున్నాడు, చిన్న థెరోపాడ్ల (రెండు కాళ్ల మీద నడిచే, ఎక్కువగా మాంసం తినే డైనోసార్ల) కాళ్లు పక్షి కాళ్లలాగే ఉంటాయన్న మాట అప్పటికే గట్టిగా నడుస్తోంది. ఇవి పక్షులు కావు, చిన్న డైనోసార్లు అన్న మాట కూడా ఆ 1970లు ముగిసేలోపే వచ్చింది. అలాంటప్పుడు 7 కోట్ల ఏళ్ల నాటి భారీ గుడ్లగూబ అనే ముందు పక్క గదిలో సరీసృపాల అల్మారా ఒకసారి తెరవాల్సింది. ఆ మ్యూజియంలో పక్షి ఫాసిల్స్ నంబర్లు ఇంగ్లిష్ 'ఏ' (A) అక్షరంతో మొదలవుతాయి, సరీసృపాలవి 'ఆర్' (R) తో. మన తొడ ఎముకది ఇప్పటికీ ఏ 1234 నే. ఒకసారి రిజిస్టర్‌లో పక్షి అని పడ్డాక దాన్ని తీసి చూసేవాళ్లు కూడా ఎక్కువగా పక్షుల వాళ్లే అవుతారు, ఈ కథలో చాలా భాగం అక్కడే ఉంది అని నా నమ్మకం.

అయితే డైనోసార్ అని ఒప్పుకున్నాక మాత్రం పని అయిపోయిందా అంటే అసలు తలనొప్పి అప్పుడే మొదలైంది. ఏ డైనోసార్? 1992లో ఫ్రాన్స్ వాళ్లు ఎలోప్టెరిక్స్‌ని డ్రోమియోసారిడ్ వైపు, అంటే వెలోసిరాప్టర్ కుటుంబం వైపు పెట్టారు. ట్రూడాంటిడ్, అంటే పక్షులకి దగ్గరి ఇంకో చిన్న డైనోసార్ కుటుంబం అన్నవాళ్లూ ఉన్నారు. 2004లో డారెన్ నైష్, గ్యారెత్ డైక్ కలిసి హెప్టాస్టియోర్నిస్ మీద ఒక పేపర్ రాశారు, దాని టైటిల్‌లోనే ఇది ఆర్నిథోమిమిడ్ కాదు, ట్రూడాంటిడ్ కాదు, డ్రోమియోసారిడ్ కాదు, గుడ్లగూబా కాదు, యూరప్‌లో మొదటి అల్వారెజ్‌సారిడ్ (మొదట్లో చెప్పిన ఒంటిగోరు చేతుల డైనోసార్ల కుటుంబం) అని చెప్పేశారు. ఒక్క టైటిల్‌లో ముప్ఫై ఏళ్ల గొడవంతా వచ్చేసింది.

వాళ్లు పట్టుకున్న ఆధారం చాలా చిన్నది, అందుకే నాకు అంత బాగా నచ్చింది. థెరోపాడ్లలో చీలమండ ఎముక నుంచి ఒక పలచటి రేకు పైకి లేచి, పై ఎముక ముందు భాగానికి అతుక్కుని ఉంటుంది. చాలా రకాల్లో అది వెడల్పుగా త్రికోణంలాగా ఉంటుంది. అల్వారెజ్‌సారిడ్లలో మాత్రం ఆ రేకు బయట వైపుకి జరిగి, లోపల వైపు అంచు లోతుగా కోసేసినట్టు ఉంటుంది. ఆ కోత కనపడింది కాబట్టి కుటుంబం దొరికింది. ఎముక సైజు కాదు, లావు సన్నం కాదు, ఆ అంచు. ఇక్కడ ఇంకో విషయం ఉంది, అల్వారెజ్‌సారిడ్ అనే కుటుంబమే 1991లో అర్జెంటీనా శాస్త్రవేత్త హోసే బోనపార్టే పేరు పెట్టేదాకా లేదు. మంగోలియా మోనోనికస్ గురించి రాసింది 1993లో. పొట్టి చేతులు, ఒక్కో చేతికి ఒకే పెద్ద గోరు, పక్షి లాంటి సన్న కాళ్లు, దాన్ని కూడా మొదట పక్షి అనే అనుకున్నారు. న్యూయార్క్ మ్యూజియం వాళ్లు 1920ల్లో మంగోలియా నుంచి తెచ్చిన ఎముకల్లో కూడా ఒకటి ఇలాంటిదే, పక్షి లాంటి డైనోసార్ అని చీటీ అంటించి పెట్టేసి ఉంచారు. కాబట్టి 1913లోనూ 1975లోనూ హాట్సెగ్ ఎముకల్ని ఎంత జాగ్రత్తగా చూసినా అల్వారెజ్‌సారిడ్ అని చెప్పడం ఎవరివల్లా అయ్యేది కాదు, చెప్పడానికి ఆ కుటుంబమే లేదు.

కాలి ఎముకలతోనే ఎందుకు ఇంత చిక్కు అంటే, కాలు బతుకుని బట్టి మారిపోతుంది. పరిగెత్తే జంతువుకి కాలు కింద భాగం పొడవుగా సన్నగా అవుతుంది, ఎవరి బిడ్డ అన్నదాంతో సంబంధం లేకుండా. పాదంలో మూడు పొడుగు ఎముకలు ఉంటాయి కదా, వాటిల్లో మధ్యది పైన నొక్కేసినట్టు సన్నబడిపోయి పక్క రెండింటి మధ్య ఇరుక్కోవడం అనే లక్షణం టైరనోసార్లలో ఉంది, ఉష్ట్రపక్షి లాంటి ఆర్నిథోమిమిడ్లలో ఉంది, ట్రూడాంటిడ్లలో ఉంది, అల్వారెజ్‌సారిడ్లలో ఉంది. ఒకే తల్లి నుంచి అందరికీ రాలేదు, ఎవరికి వాళ్లకి విడిగా వచ్చింది. దాన్ని చుట్టరికానికి రుజువుగా పట్టుకుంటే తప్పుదారి పడతాం. దానికి తోడు వయసు. బ్రాయిలర్ కోడి, నాటుకోడి తేడా చెప్పాను కదా, ఎముకలు కలిసిపోయి ఉన్నాయా లేదా అన్నది జాతిని బట్టీ మారుతుంది, వయసుని బట్టీ మారుతుంది. అందుకే ఇప్పుడు ఎముకని సన్నగా పొరలాగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి ఎదుగుదల గీతలు చూస్తారు, ఇది పిల్లా పెద్దా అని తేల్చుకున్నాకే మిగతా మాట.

తర్వాత కంప్యూటర్ పని. వందల లక్షణాలు అడ్డంగా, జంతువుల పేర్లు నిలువుగా పెద్ద పట్టిక వేసి, ఉంటే 1, లేకపోతే 0 అని నింపి, ఏ వంశవృక్షం తక్కువ మార్పులతో సరిపోతుందో లెక్క కట్టిస్తారు. ఒక్క తొడ ముక్క మాత్రమే ఉన్న జంతువుకి ఆ వరసంతా దాదాపు ప్రశ్నార్థకాలే. నాలుగైదు గళ్లు నిండితే అది చెట్టు మీద ఏ కొమ్మ మీదైనా వాలగలదు. ఆ ఫలితాన్ని పట్టుకుని ఖాయం అని ఎవరైనా రాస్తే నాకు నమ్మకం కుదరదు.

మన గోదావరి లోయలో కూడా ఇదే రకం చిక్కు ఒకటి ఉంది. ఆదిలాబాద్ వైపు మలేరి పొరల్లో దొరికిన ఒక బుల్లి జంతువుని 1987లో శంకర్ చటర్జీ వాకేరియా అని పేరు పెట్టి తొలినాటి థెరోపాడ్ అన్నారు, ఆ పేరు అప్పటికే వేరే జీవికి ఉండటంతో 1994లో ఆల్వాకేరియా అయింది. దవడ ముందు భాగం, కొన్ని వెన్నెముక ముక్కలు, ఒక తొడ ఎముక, చీలమండ ఎముక, అంతే. తర్వాత చూసినవాళ్లకి ఇవన్నీ ఒకే జంతువువేనా అని అనుమానం వచ్చింది. తొడ, చీలమండ మాత్రం డైనోసార్‌వే అనిపించాయి, దవడ మీద ఆ నమ్మకం కుదరలేదు. జబల్‌పూర్‌లో 1933లో వర్ణించిన చిన్న థెరోపాడ్ల సంగతీ అంతే, సీలూరోసార్లు, అంటే పక్షులకి దగ్గరి థెరోపాడ్లు అని చెప్పి పేర్లు పెట్టిన ముక్కల్లో చాలా వాటిని తర్వాత పూర్తిగా వేరే శాఖకి, అబెలిసారస్ బంధువుల వైపుకి మార్చారు.

ఈ ముడి విప్పేది ఒకటే, ఒకదానితో ఒకటి కలిసి దొరికిన అస్థిపంజరం. కెనడాలో ఆల్బర్టాలో సరిగ్గా ఇది జరిగింది. 1924లో ఒక జత చేతులు చూసి కైరోస్టెనోటిస్ అన్నారు. 1932లో ఒక పాదం చూసి మాక్రోఫలాంజియా అన్నారు. 1988లో ఫిలిప్ కరీ, డేల్ రసెల్ ఒక అస్థిపంజరం గురించి రాశారు, అందులో అదే రకం చెయ్యీ అదే రకం కాలూ కలిసి ఉన్నాయి. అరవై ఏళ్లు రెండు జంతువులుగా బతికినవి ఒక్కటైపోయాయి.

హాట్సెగ్ విషయంలోనూ అలాంటి రోజు వచ్చిందనిపించింది 2009లో. అప్పటి అదే ద్వీపంలో భాగమైన సెబేష్ ఊరి దగ్గర నది ఒడ్డున ఎర్ర మట్టిలో మాట్యాష్ వ్రేమిర్‌కి తల లేని అస్థిపంజరం ఒకటి దొరికింది, చేతులూ నడుమూ కాళ్లూ ఒకే జంతువువి. 2010లో బాలౌర్ బొండొక్ అని పేరు పెట్టారు. మొత్తం రెండు మీటర్ల పొడవు ఉంటుందేమో, కానీ కాలు చూస్తే పొట్టిగా లావుగా, పాదం ఎముకలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, వెలోసిరాప్టర్‌కి ఒక్కో కాలికి ఒక కొడవలి గోరు ఉంటే దీనికి రెండు. చేతిలో మూడో వేలు దాదాపు లేదు. మొదట డ్రోమియోసారిడ్ అన్నారు, ద్వీపంలో ఒంటరిగా ఉండి వింతగా మారింది అన్నారు. 2015లో ఆంద్రియా కావు, టామ్ బ్రౌమ్, నైష్ ముగ్గురూ కలిసి ఇది ఎగరడం మానేసిన పక్షి వైపు జంతువు అయ్యుండొచ్చని రాశారు. చెయ్యి ఎముకలు కలిసిపోవడం, వేలు తగ్గిపోవడం, బొటనవేలు పెద్దదవడం ఇవన్నీ పక్షి వైపు కొమ్మలో పెడితే మామూలు విషయాలు, రాప్టర్ అంటే మాత్రం ఒక్కోదానికీ విడిగా కారణం చెప్పాలి. నేను రెండో వాదన వైపే. దవడ దొరికితే ఒకవేళ మారతానేమో.

ఇక ఎలోప్టెరిక్స్, ఏ 1234, బాలౌర్‌కి దగ్గరిదే అన్న అనుమానం ఇప్పుడు గట్టిగా ఉంది. ఒకవేళ రెండూ ఒకటే అని తేలితే పేరు పెట్టే నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, అంటే 1913 నాటి ఎలోప్టెరిక్స్. అలా అయితే ఆండ్రూస్ పక్షి అన్న మాట కూడా సగం నిజమే అవుతుంది, నీటికాకి కాదు గానీ పక్షి వైపు కొమ్మ మీదే. బ్రాడిక్నీమీ ఏంటన్నది ఒక్క చీలమండ ముక్కతో తేలే పని కాదు, హెప్టాస్టియోర్నిస్ అల్వారెజ్‌సారిడ్ అన్నదే నాకు ఇప్పటికీ బలంగా అనిపిస్తుంది. హాట్సెగ్‌లో ఇంకా తవ్వుతూనే ఉన్నారు. తొడ ఎముక, దాని కింద ఎముక, చీలమండ, ఈ మూడూ ఒకే రాతిలో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నది ఒక్కటి బయటపడితే చాలు, పైన రాసిన పేర్లలో కొన్ని కొట్టేయాల్సి వస్తుంది, ఏవి అన్నది మాత్రం ఆ అంచు కోత చూశాకే.